రెండో కనెక్టర్

“కళ్లు తెరిచాడమ్మా.”

ఫోనులో ఆ మాట వినపడేసరికి పిడుగు ఇంటి ముందు గచ్చు మీద మోకాళ్లపై కూర్చుని ఉంది. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరుక్కుంది. రెండు చేతులకూ నూనె మరకలు. ఎదురుగా ట్యాంకు ఊడదీసిన ఆమె మోటారుసైకిలు, దాని పక్కన స్పానరు పట్టుకుని నవ్వుతున్న మొగుడు.

“ఎవరక్కా? సెక్రటరీయేనా?”

“ఆయనేనమ్మా. ఇప్పుడే. అద్దంలోంచి నేనూ చూశాను. నన్ను చూసి రెప్పలార్పాడు.” అవతలి గొంతు ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. “మా తమ్ముడు బయటపడ్డట్టేనా?”

“వస్తున్నా. నువ్వు అక్కడే ఉండు.”

పిడుగు అన్నది చిన్నప్పుడు నాన్న పెట్టిన ముద్దుపేరు. సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు తెరిచాక పోలీసులు కూడా ఆ పేరుతోనే పిలవడం మొదలుపెట్టారు, కాకపోతే వాళ్లు కాస్త వెటకారం కలిపి పిలుస్తారు. పెళ్లయి ఇంకా రెండు నెలలు నిండలేదు. ఈ మధ్య ఆమెకు లోకంలో ప్రతిదీ ముద్దొస్తోంది. మొగుడు చొక్కా బొత్తాలు కింద నుంచి పైకి పెట్టుకోవడం కూడా. ఎందుకలా అని అడిగితే, “పై నుంచి మొదలుపెడితే ఒక కాజా తప్పే ప్రమాదం ఉంది. కింద నుంచి అయితే తప్పుదామన్నా తప్పదు,” అన్నాడు. పంపుల ఫ్యాక్టరీలో డిజైనర్ కదా, అన్నీ అలాగే ఆలోచిస్తాడు. ఆమె ఆ రోజంతా ఆ మాట తలుచుకుని నవ్వుకుంది.

ఈ కనెక్టర్లూ అలాగే ముద్దొచ్చాయి. కేసులో వాటి గురించి చదివీ చదివీ, చివరికి తన బండికీ ఒక జత కొనుక్కొచ్చింది. ట్యాంకు నుంచి ఇంజనుకు పెట్రోలు తీసుకెళ్లే పైపు ఒకటి, మిగిలినది ట్యాంకుకు తిరిగి తెచ్చే పైపు ఒకటి. ఒక్కో పైపు మధ్యలో ఒక్కో క్విక్ రిలీజ్ కనెక్టర్. ఒక్కొక్కటి రెండేసి ముక్కలు, మేల్ ముక్క, ఫిమేల్ ముక్క. ఒకదాన్ని ఇంకోదాంట్లోకి నెడితే టిక్‌మని పట్టుకుంటుంది. పక్కనున్న బొత్తాం నొక్కితే ఊడి వస్తుంది, పెట్రోలు చుక్క కూడా ఒలకదు. మొదటిది బిగించాక ఆ టిక్ చప్పుడు కోసం ఆమె దాన్ని పదేపదే ఊడదీసి పెడుతూ కూర్చుంది.

“ఇంత సులువుగా విడిపోయే జంటను నేనెక్కడా చూడలేదు,” అంది.

“మళ్లీ అంతే సులువుగా కలుస్తుంది కదా, ఆ సంగతి చెప్పవేం,” అన్నాడు మొగుడు.

సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. ఇప్పుడు ఆమె చేతులు దులుపుకుని లేచి నిలబడింది.

“సెక్రటరీకి తెలివొచ్చింది. ఇక మెకానిక్ ఇంటికొచ్చేసినట్టే.”

అతని చేతిలోని స్పానరు గచ్చు మీద ఠంగున పడింది. వంగి తీసుకున్నాడు. “మంచి మాట చెప్పావు. ఏమన్నాడట?”

“ఇంకా మాట్లాడలేదనుకుంటా. వెళ్లి చూడాలి.”

“నా స్కూటర్ తీసుకెళ్లు. రెండో కనెక్టర్ నేను బిగిస్తాలే.”

వెళ్తూ వెళ్తూ ఆమె వెనక్కి వచ్చి, అతని ముక్కు మీద వేలితో నూనె చుక్క పెట్టి పరుగెత్తింది.

*

ఆసుపత్రి వరండాలో బల్ల మీద మెకానిక్ అక్క కూర్చుని ఉంది. ఇస్త్రీ దుకాణం మూసేసి, బండి తగలబడిన రోజు నుంచీ ఆ బల్ల వదల్లేదు. సెక్రటరీ సొంత మనుషులు వచ్చిపోతున్నారు. ఈమె మాత్రం కదల్లేదు. ఆయన బతికి నిజం చెబితేనే తమ్ముడు బయటికి వస్తాడు.

ఆయన మోటారుసైకిలు క్లబ్బుకు సెక్రటరీ. కిందటి వారం బండి మీద వెళ్తుండగా పెట్రోలు పైపు కనెక్టర్ దగ్గర ఊడిపోయింది. కాలుతున్న ఇంజను మీద పెట్రోలు చిమ్మింది. పక్కనే వెళ్తున్న లారీవాళ్లు దుప్పటి కప్పి లాగకపోతే అక్కడికక్కడే పోయేవాడు. ఆ కనెక్టర్లు బిగించింది మెకానిక్. పైగా అంతకు ముందే ఇద్దరూ క్లబ్బు వాకిట్లో పదిమంది ముందు తిట్టుకున్నారు. ఇన్‌స్పెక్టర్‌కి అంతకంటే ఏం కావాలి?

“నన్ను లోపలికి రానివ్వలేదమ్మా,” అంది అక్క, లేవబోతూ.

“కూర్చో అక్కా. నీ కాళ్లు వాచిపోయాయి చూసుకున్నావా?”

“తమ్ముడొచ్చాక వాటి సంగతి చూసుకుంటా.”

నర్సు పిడుగును లోపలికి తీసుకెళ్లింది. “గొంతులో ట్యూబు ఉంది, మాట్లాడలేరు. రేపు పొద్దున తీస్తారు. రెండు నిమిషాలు. ఆయన్ని కంగారు పెట్టారంటే నేనే బయటికి పంపేస్తా.”

సెక్రటరీ రెండు చేతులకూ భుజాల దాకా కట్లు. కళ్లు మాత్రం ఆమెనే చూస్తున్నాయి.

“సార్, నేను డిటెక్టివ్‌ని. అవునంటే ఒకసారి రెప్ప వేయండి, కాదంటే రెండుసార్లు. క్లబ్బు దగ్గర గొడవయ్యాక మెకానిక్ మీ బండి ముట్టుకున్నాడా?”

రెప్ప పడింది. మళ్లీ పడింది.

ఆమె ఇంకాస్త దగ్గరికి వంగింది. “ఇంకెవరైనా ముట్టుకున్నారా?”

ఒకసారి.

“ఆ మనిషి మీకు తెలుసా?”

ఒకసారి. ఆ రెప్ప చాలాసేపు మూసుకునే ఉంది.

కాలిపోయిన కనెక్టర్ ఫొటో చూపిద్దామని ఆమె ఫోను తీసి ఆయన కళ్ల ముందు పెట్టి తెర వెలిగించింది. ఇంకా ఫొటోల దాకా పోనే లేదు. సెక్రటరీ కళ్లు పెద్దవయ్యాయి. ఒళ్లంతా మంచం మీద బిగుసుకుంది. తల పక్కన ఉన్న యంత్రం కీచుకీచుమనడం మొదలుపెట్టింది. నర్సు వచ్చి పిడుగు రెక్క పట్టుకుని బయటికి నడిపించింది.

“ముందే చెప్పాను కదమ్మా. కాలినవాళ్లకు కాలినవి గుర్తు చేస్తారా ఎవరైనా?”

పిడుగు తల దించుకుంది. ఆ మాట నిజమేననిపించింది. నిద్ర మందు ఇచ్చామని, రేపటి దాకా లోపలికి ఎవరినీ పంపేది లేదని చెప్పి నర్సు తలుపు వేసేసింది.

స్కూటర్ దగ్గరకొచ్చి మొగుడికి ఫోను చేసింది. “రెప్పలతో చెప్పాడు తెలుసా. మెకానిక్ కాదట. ఇంకెవరో తెలిసినవాడట. రేపు ట్యూబు తీయగానే పేరు చెప్పేస్తాడు.”

అతను వెంటనే అడిగాడు. “రేపు ఎన్నింటికి?”

“పొద్దున్నే అన్నారు. నువ్వు తిన్నావా?”

“నువ్వు రా, కలిసే తిందాం.”

*

లాకప్ ఊచల వెనక మెకానిక్ గొంతుక్కూర్చుని ఉన్నాడు. పిడుగు కూడా ఇవతల నేల మీద కూర్చుంది.

“గొడవ దేనికయ్యా?”

“క్లబ్బు బళ్లు ఇక నా దగ్గరికి రానివ్వనన్నాడు. ఎందుకో చెప్పలేదు. తిట్టాను. తిట్టకూడదా? అంతకు మించి గోరంత కూడా చేయలేదమ్మా.”

“ఆయన బండికి కనెక్టర్లు నువ్వే బిగించావా?”

“నేనే. ఎండలు మొదలవ్వకముందు. రెండూ ఇనుపవే, ప్లాస్టిక్‌వి పగులుతాయని.”

“ఎలా బిగించావో చెప్పు. నీకు తెలిసిందంతా వద్దు, నీ చెయ్యి ఏం చేసిందో చెప్పు.”

అతను ఖాళీ చేతులతో గాలిలో బిగించి చూపించాడు. “పైపు కోసి, ట్యాంకు వైపు మేల్ ముక్క, ఇంజను వైపు ఫిమేల్ ముక్క. క్లిప్పులు బిగించి, టిక్ అన్నాక లాగి చూస్తా.”

“రెండు పైపులకూ అంతేనా?”

“రెండింటికీ అంతే. నేను చేసిన ఏ బండి అయినా చూసుకోండి.”

“మరి ట్యాంకు పెట్టేటప్పుడు ఒక పైపు ఇంకోదానికి తగిలిస్తే?”

“అందుకే ఇంజనుకు వెళ్లే పైపుకు ఎర్ర దారం కడతాను.” అతను చేతులు కిందికి దించేశాడు. “దారం కాలిపోయి ఉంటుంది లెండి. నాకు సాక్ష్యం చెప్పేది ఏం మిగిలుంటుంది?”

వెనక నుంచి దగ్గు వినిపించింది. ఇన్‌స్పెక్టర్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. “ఏమ్మా పిడుగూ, కొత్త పెళ్లికూతురువి, మీ ఆయనతో సినిమాకి వెళ్లక ఈ ఊచల దగ్గర నీకేం పని?”

“మా ఆయనే పంపించాడు సార్. స్కూటర్ కూడా ఇచ్చాడు.”

“మంచివాడు దొరికాడు నీకు.”

“అవును సార్. కాలిన బండి చూస్తాను.”

“వారం నుంచీ కుదరదంటున్నా కదా.”

“వారం నుంచీ సెక్రటరీకి తెలివి లేదు. ఇప్పుడొచ్చింది. మెకానిక్ కాదని నాకు రెప్పలతో చెప్పాడు. రేపు నోటితో చెబుతాడు. అప్పుడు మీ పైవాళ్లు అడిగితే, డిటెక్టివ్‌ని బండి దగ్గరికి రానివ్వలేదని చెప్పుకుంటారా?”

ఇన్‌స్పెక్టర్ మొహం చిట్లించి, తాళాల గుత్తి తీశాడు. “ఏదీ ఊడదీయకూడదు. నేను పక్కనే ఉంటా.”

*

స్టేషన్ వెనక రేకుల షెడ్డులో బండి ఒక పక్కకు ఒరిగి ఉంది. సీటు లేదు, దీపం లేదు, తీగలన్నీ మసి. పైపుల రబ్బరు చాలా చోట్ల కరిగిపోయింది. ఇనుప కనెక్టర్లు మాత్రం నల్లబడ్డాయే తప్ప చెక్కు చెదరలేదు. పిడుగు టార్చి వేసి బోర్లా పడుకుంది.

ముందు తిరిగొచ్చే పైపు చూసింది. రెండు ముక్కలూ కలిసే ఉన్నాయి. బొత్తాం వెనక చిన్న స్ప్రింగ్ కనిపిస్తోంది. ఇంజనుకు వెళ్లే పైపు ముక్కలు విడిగా వేలాడుతున్నాయి. అక్కడ బొత్తాం వెనక ఏమీ లేదు.

“స్ప్రింగ్ లేదు సార్.”

“కాలిపోయి ఉంటుంది.”

“ఇనుము కాలిపోతే పక్కదానికెందుకు మిగిలింది? ఇది ముందే తీసేశారు. స్ప్రింగ్ లేకపోయినా తొడిగితే కాసేపు నిలుస్తుంది. బండి కుదుపుకి జారుతుంది.”

“మరి నేను చెప్తోందీ అదేగా. కావాలని చేశాడు. నువ్వు నా కేసుకి ఇంకో మేకు కొట్టావు, సంతోషం.” ఇన్‌స్పెక్టర్ నవ్వాడు.

పిడుగు టార్చి కిందికి దించింది. తమ్ముణ్ణి విడిపించమని అక్క తనను పెట్టుకుంటే, తానే అతని మెడకు ఉరి బిగించినట్టయింది. టార్చి మళ్లీ ఆ ముక్కల మీద వేసింది. అటు చూసింది, ఇటు చూసింది. మళ్లీ చూసింది.

“సార్, కిందికి వంగండి. తిరిగొచ్చే పైపు చూడండి, మేల్ ముక్క ట్యాంకు వైపు ఉంది. మెకానిక్ చెప్పినట్టే. ఊడిపోయిన దాన్ని చూడండి, మేల్ ముక్క ఇంజను వైపు ఉంది. ఇది తిరగేసి బిగించారు. అతని చెయ్యి కాదు.”

“అతను రెండూ ఒకేలా బిగిస్తానన్నాడని నువ్వు నమ్మేశావా?”

“నేను నమ్మక్కర్లేదు. అతని షెడ్డుకు మీరే సీలు వేశారు కదా. లోపల బళ్లున్నాయి. మీ మనిషిని పంపి చూపించండి.”

ఇన్‌స్పెక్టర్ ఆమెను ఎగాదిగా చూశాడు. తర్వాత కానిస్టేబుల్‌కి ఫోను చేశాడు. ఇద్దరూ ఆ రేకుల షెడ్డులోనే ఆగారు. కాసేపటికి తిరిగి ఫోను వచ్చింది. కానిస్టేబుల్ గొంతు పైకే వినిపించింది: కనెక్టర్లున్న బళ్లన్నీ చూశాను సార్, అన్నింటికీ రెండు పైపులూ ఒకేలా ఉన్నాయి, ఎర్ర దారం కూడా ఉంది.

ఇన్‌స్పెక్టర్ ఫోను జేబులో పెట్టుకుని మీసం సవరించుకున్నాడు. “అసలు తిరగేసి బిగించడం ఎందుకు?”

“ఒకటి అటు, ఒకటి ఇటు ఉంటే ఒక పైపు ఇంకోదానికి తగలదు. దారాలు కట్టే పని లేదు. తప్పు జరగడానికే వీల్లేని పద్ధతి.” ఆమె లేచి మోకాళ్లు దులుపుకుంది. “చంపడానికి వచ్చినవాడు పాత కనెక్టర్ తీసేసి, స్ప్రింగ్ లేనిది పెట్టాడు. పెట్టేటప్పుడు చెయ్యి అలవాటు చొప్పున దాన్ని తిప్పి పెట్టింది. మనిషిని తగలబెడుతూ కూడా పైపులు తారుమారు కాకుండా జాగ్రత్త పడ్డాడు సార్.”

“భలే చెప్పావు. కోర్టులో మాత్రం ఎవడిదో చెయ్యి అంటే కుదరదు. కస్టడీ గడువు అయిపోయింది, రేపు పదింటికి ఇతన్ని మళ్లీ హాజరుపరుస్తున్నా. ఈలోగా అలా బిగించే చెయ్యి ఒకటి నాకు చూపించు. నేనే తాళం తీసి పంపిస్తా. చూపించలేకపోతే ఇంటికెళ్లి కాపురం చేసుకో.”

“చూపిస్తాను.”

“ఇంత పెద్ద ఊళ్లో?”

“చూపిస్తానన్నాను కదా సార్.”

వెళ్లేముందు ఊచల దగ్గర ఆగి మెకానిక్‌తో ఒకే మాట చెప్పింది. “రేపు మీ అక్క చేత్తో అన్నం తింటావు.” అతను నమ్మలేనట్టు చూశాడు. ఆ చూపు చూసి ఆమె స్కూటర్ మీద దారంతా కూనిరాగం తీస్తూ వచ్చింది.

*

ఇంటి ముందు దీపం వెలుగుతోంది. అతను గచ్చు కడిగేసి, సామానంతా గుడ్డ మీద వరసగా పేర్చి, గడప మీద కూర్చుని ఎదురుచూస్తున్నాడు. ముక్కు మీద నూనె చుక్క ఇంకా అలాగే ఉంది. తుడుచుకోలేదు.

“ఆఖరి టిక్ నీ కోసమే ఉంచాను,” అన్నాడు. “బిగించడం అయిపోయింది. నువ్వు కలిపితే ట్యాంకు పెట్టేద్దాం.”

ఆమెకు ఆ క్షణాన అతన్ని పట్టుకుని ముద్దు పెట్టుకోవాలనిపించింది. చెప్పులు వదిలేసి పరుగున వచ్చి మోకాళ్లపై కూర్చుంది. రెండో పైపు రెండు కొసలూ చేతుల్లోకి తీసుకుంది. కలపబోయి ఆగింది.

కుడి చేతిలో మేల్ ముక్క. అది ట్యాంకు పైపుకు ఉంది. పక్కనే పొద్దున ఇద్దరూ కలిసి బిగించిన మొదటిది. దాని మేల్ ముక్క ఇంజను వైపు ఉంది.

ఒకటి అటు. ఒకటి ఇటు.

“ఇదేంటి,” అంది. గొంతు మామూలుగానే వచ్చింది. “రెండోది తిరగేసి పెట్టావు?”

“అలాగే పెట్టాలి. పొరపాటున కూడా ఒకటి ఇంకోదానికి తగలదు.” అతను ఆమె పక్కన చతికిలపడ్డాడు. “కాలేజీ రోజుల నుంచీ అంతే. నా చేతికి ఇంకోలా బిగించడం రాదు.”

చాలామంది అలా బిగిస్తారు, అనుకుంది పిడుగు. జాగ్రత్త తెలిసిన ఎవరైనా అలాగే బిగిస్తారు. ఈ ఊళ్లోనే వందమంది ఉంటారు. ఇతనికి సెక్రటరీ ఎవరో కూడా తెలియదు. కేసు ఒప్పుకున్న రోజే అడిగింది. క్లబ్బుల గోల మనకెందుకు, బండి తోలడానికి తోడు కావాలంటే నువ్వున్నావుగా అని నవ్వాడు. ఆ నవ్వు ఆమెకు ఎంత నచ్చిందో.

“కలుపు మరి,” అన్నాడు.

కలిపింది. టిక్.

“లాగి చూడు.”

లాగింది. రాలేదు. గట్టిగా పట్టుకుంది.

గచ్చు మీద పెట్టిన ఆమె ఫోను మోగింది. తెర వెలిగింది. దాని మీద ఎప్పుడూ ఉండే ఫొటోయే ఉంది. పెళ్లి రోజు తీసింది. ఆమె తుమ్మబోతుంటే చూసి అతను పగలబడి నవ్వుతున్నాడు. నిండుగా, తెర అంచుల దాకా, అతని మొహం.

ఆసుపత్రిలో ఆమె కనెక్టర్ ఫొటో దాకా పోనే లేదు. తెర వెలిగించింది, అంతే. సెక్రటరీ చూసింది కాలిన ఇనుపముక్కను కాదు.

ఎందుకు చేశాడు? ఆ మనిషికీ ఇతనికీ ఏమిటి? ఏమీ తెలియదు. తెలిసిందల్లా ఒక్కటే, ఇన్‌స్పెక్టర్ అడిగిన చెయ్యి ఇప్పుడు ఆమె భుజం మీద ఉంది. దాన్ని చూపిస్తే ఊచల వెనక మనిషి ఇంటికి వెళ్తాడు. చూపించకపోతే రేపు పదింటికి కోర్టు. చూపించాలన్నా ఫోను దగ్గరికి ఆమె చెయ్యి సాగడం లేదు. పొద్దున్నుంచీ ఎక్కడికి పరుగెత్తినా ఆగని మనిషి, తన సొంత ఇంటి గచ్చు మీద కదల్లేక కూర్చుంది.

ఫోను మోగుతూనే ఉంది.

“మెకానిక్ అక్క,” అన్నాడు అతను పేరు చూసి. “నీ చేతులు నూనెలో ఉన్నాయి, ఉండు.” తనే తీశాడు. అతని గొంతు ఎప్పటిలాగే మెత్తగా, ఆదరంగా ఉంది. “చెప్పక్కా. నేను వాళ్లాయన్ని. లేదక్కా, బాగానే ఉంది, అలసిపోయింది. ఇంకా ఆ బల్ల మీదే ఉన్నావా? అయ్యో, ఎన్నాళ్లని కూర్చుంటావు?”

పిడుగు చేతుల్లో రెండో కనెక్టర్ ఇంకా అలాగే ఉంది.

“నా మాట విను. రేపు పొద్దున్నే నువ్వు స్టేషన్‌కి వెళ్లిపో. కోర్టుకు తీసుకెళ్లేటప్పుడు తమ్ముడికి నువ్వు కనిపించాలి కదా. ఆసుపత్రి సంగతి మేం చూసుకుంటాం. ఇద్దరం కలిసే వస్తాం.” అతను పిడుగు వైపు చూసి నవ్వి, ఆమె నుదుటి మీది వెంట్రుకలు వేలితో పక్కకు తోశాడు. “ట్యూబు తీసేటప్పుడు సెక్రటరీ గారి పక్కన నేను కూర్చుంటానులే అక్కా.”